ఈ రాళ్లు పిల్లలకేమి చెప్పును?

ధ్యానమునకు: యెహోషువ 4వ అధ్యాయము, 1 సమూయేలు 15:12, మార్కు 10:35–45



ఇశ్రాయేలీయులు యొర్దాను దాటిన దినమున యెహోషువ ఆ నదిలోనుండి పండ్రెండు రాళ్లను ఎత్తించి గిల్గాలులో నిలువబెట్టించెను. ముందు కాలమున పిల్లలు వాటిని చూచి వాటి సంగతి అడుగుదురనియు, అప్పుడు తండ్రులు వారికి చెప్పవలెననియు అతడు జనులతో ననెను. ఇందులో మనము గమనింపవలసినది ఒకటి కలదు. రాయి మూగది. పిల్లవాడు అడుగును, పెద్దవాడు చెప్పును. పెద్దవాడు చెప్పుదానినిబట్టి ఆ రాయి దేవునికి సాక్షియైనను అగును, మనుష్యుని గర్వమునకు గురుతైనను అగును.

కావున ఈ మాసము ఒక ప్రశ్నను మీ యెదుట ఉంచుచున్నాము. యుద్ధములో గెలిచినవారి పేరిట జనులు నిలుపు స్తంభములను గూర్చి క్రైస్తవుడు ఏమి తలంపవలెను? వాటియెదుట తల వంచవలెనా, ముఖము త్రిప్పుకొని పోవలెనా? ఇది మనకు సంబంధింపని ప్రశ్న యనుకొనరాదు. సైన్యమునకు కుమారులను పంపిన తల్లులు మన సంఘములలో నున్నారు. భర్తను యుద్ధములో పోగొట్టుకొని పిల్లలను పెంచుకొన్న స్త్రీలున్నారు. వారి దుఃఖమును కించపరచు మాట మన నోట రాకూడదు. శత్రువులను ప్రేమింపవలెనని చెప్పిన ప్రభువును మరచిన మాటయు రాకూడదు. ఈ రెంటి నడుమ త్రోవ ఎక్కడ నున్నది?

లండను పట్టణపు నడిబొడ్డున ట్రఫాల్గర్ స్క్వేరు అను విశాలమైన కూడలి యున్నది. మేము ఆ పట్టణమునకు పోయినప్పుడు దానిని చూచితిమి. 1844లో జనులకొరకు తెరవబడిన ఆ కూడలికి దక్షిణపు వైపున ఒక రాతిస్తంభము కలదు. దాని యెత్తు సుమారు 170 అడుగులు. మన చేలగట్లమీది తాడిచెట్లను ఒకదానిపై నొకటిగా మూడింటిని నిలిపినయెడల ఎంత యెత్తగునో ఇంచుమించు అంత. దాని కొనమీద హొరేషియో నెల్సన్ అను ఇంగ్లీషు నావికాదళాధిపతి ప్రతిమ నిలిచియున్నది. ఆ ప్రతిమయే సుమారు 18 అడుగులున్నను, క్రిందనుండి చూచువారికి బొమ్మవలె చిన్నదిగా కనబడును. మేము మెడ వెనుకకు వంచి ఎంత చూచినను అతని ముఖము మాకు తెలియలేదు. ఘనపరచవలెనని మనుష్యులు ఒక మనుష్యుని ఎంత యెత్తునకు ఎత్తిరనగా, అతడెట్టివాడో ఎవరికిని కనబడకుండ పోయెను.

1805 అక్టోబరు 21వ తేదీన స్పెయిను దేశపు నైరుతి తీరమున, ట్రఫాల్గర్ అను కొనచెంత ఓడల యుద్ధము జరిగెను. ఇంగ్లీషువారికి 27 పెద్ద యుద్ధపు ఓడలు. ఫ్రెంచివారికిని స్పెయినువారికిని కలిపి 33. సాయంకాలమునకు ఇంగ్లీషువారు ఒక్క ఓడనైనను పోగొట్టుకొనక గెలిచిరి. అయితే మధ్యాహ్నమున ఒక ఫ్రెంచి ఓడమీదనుండి వచ్చిన తుపాకిగుండు నెల్సనునకు తగిలెను. విక్టరీ అను తన ఓడ అడుగుభాగమున అతడు మూడు గంటలకుపైగా బాధపడి, గెలిచితిమను మాట విని, కన్ను మూసెను. అతని వయస్సు 47 ఏండ్లు. అంతకుముందే యుద్ధములలో ఒక కంటి చూపును, కుడిచేతిని పోగొట్టుకొని యుండెను.

ఆ స్తంభము 1840 మొదలు 1843 వరకు కట్టబడెను. దాని తలభాగమున చెక్కడపు ఆకులవలె నున్న కంచుపని పాత ఫిరంగులను కరగించి చేసినది. క్రింద నాలుగు ప్రక్కల నాలుగు యుద్ధములను చూపు కంచు పలకలున్నవి. అవి ఫ్రెంచివారియొద్ద పట్టుకొనిన ఫిరంగుల లోహముతో పోతపోసినవి. ఇది చూచినప్పుడు యెషయా ప్రవక్త మాట మా మనస్సున మెదలెను. జనములు తమ కత్తులను నాగటి నక్కులుగా సాగగొట్టు దినము వచ్చునని ఆయన ప్రవచించెను గదా! ఇక్కడ ఫిరంగులను కరగించిరి గాని నాగళ్లు చేయలేదు. ఫిరంగుల కథ చెప్పు బొమ్మలనే చేసిరి. మనుష్యుని హృదయము మారనప్పుడు లోహము కరగినను ఆకారము మాత్రమే మారును, పని మారదు.

అయినను నెల్సనును గూర్చి న్యాయముగా మాటలాడవలెను. అతడు నార్‌ఫోక్ అను జిల్లాలోని ఒక పల్లెటూరి పాదిరిగారి కుమారుడు. 1798లో నైలునది ముఖద్వారమువద్ద జరిగిన యుద్ధములో అతని నొసటికి పెద్ద గాయమై, క్రిందికి తీసికొనిపోయినప్పుడు, వైద్యుడు తక్కినవారిని విడిచి అతనియొద్దకు రాబోగా, తన మనుష్యులతోపాటు తన వంతు వచ్చువరకు కాచుకొందునని అతడు చెప్పెను. స్తంభముమీద నిలిచిన నెల్సనుకంటె, ఓడ అడుగున రక్తము కారుచు తన వంతుకొరకు కాచుకొనిన నెల్సను మాకు పెద్దవాడుగా తోచుచున్నాడు. ట్రఫాల్గర్ యుద్ధమునాటి ఉదయమున అతడు తన దినచర్య పుస్తకములో ఒక ప్రార్థన వ్రాసికొనెను. గెలుపు నిమ్మని వేడుకొనుటయే గాక, గెలిచిన తరువాత తన ఓడలవారు దయగలవారై కనబడవలెనని కూడ వేడుకొనెను. అతని కుటుంబ జీవితము నిందకు తావిచ్చినది. భార్యను విడిచి మరియొకరి భార్యతో నివసించెను. స్తంభమెక్కినంతమాత్రమున మనుష్యుడు పరిశుద్ధుడు కాడు. దోషములున్నంతమాత్రమున అతని మంచిపని అబద్ధము కాదు. దావీదును గూర్చి వ్రాసిన లేఖనము మనకీ రెండును నేర్పుచున్నది.

ఆ ప్రార్థనకు జవాబు వచ్చిన రీతి వినదగినది. యుద్ధము ముగియగానే గొప్ప తుపాను లేచి కొన్ని దినములవరకు వీచెను. దెబ్బతిన్న ఓడలు రాళ్లకు కొట్టుకొని మునిగెను. వాటిలోని గాయస్థులు, ఖైదీలు, కాపలావారు అందరును ఏకముగా ప్రాణాపాయమున పడిరి. అప్పుడు గెలిచినవారు తమ ప్రాణములకు తెగించి ఓడిపోయినవారిని రక్షింప ప్రయత్నించిరి. నెల్సను తరువాత అధిపతియైన కాలింగ్‌వుడ్, గాయపడిన స్పెయిను ఖైదీలను వారి పట్టణమైన కాదిజునకు పంపివేసెను. ఆ ప్రాంతపు అధికారి దీనికి మారుగా, ఇంగ్లీషు గాయస్థులకు తమ ఆసుపత్రులలో చోటిచ్చెదనని కబురు పంపెను. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఇంగ్లీషు నావికులకు అక్కడి జనులు రొట్టెయు పడకయు ఇచ్చి ఆదరించిరి. తమ కుమారుల శవములు ఇంకను అలలలో తేలుచుండగానే వారు ఈ పని చేసిరి.

ఎలీషా దినములలో సిరియా దండువారు షోమ్రోనులో చిక్కినప్పుడు, వారిని చంపుదునా యని రాజు అడిగెను. ప్రవక్త వారికి అన్నపానములు పెట్టించి పంపివేసెను. ఆ దోపుడు దండ్లు మరల రాలేదని లేఖనము చెప్పుచున్నది. కత్తి చేయలేని పనిని ఒక పూట భోజనము చేసెను. కాదిజు తీరమున జరిగినదియు అట్టిదే. అయితే ఆ కూడలిలోని కంచు పలకలలో యుద్ధములున్నవి గాని ఈ సంగతి లేదు. గెలుపును చెక్కుటకు చేతులు తొందరపడును; దయను చెక్కుటకు ఎందుకో తొందరపడవు.

ఇంకొక సంగతి. విక్టరీ ఓడమీద ఆ దినమున సుమారు 820 మంది యుండిరి. పటాలపు జాబితా చూచినయెడల వారిలో అనేక దేశములవారు కనబడుదురు: అమెరికావారు, హాలెండువారు, ఇటలీవారు, వెస్టిండీసు దీవులవారు, భారతదేశమువారు సహితము. ఫ్రెంచివారితో పోరాడు ఆ ఓడమీద ఫ్రెంచివారే కొందరుండిరి. ఆ కాలపు ఇంగ్లీషు ఓడలలో రేవులయందు బలవంతముగా పట్టి తేబడినవారు అనేకులు. పండ్రెండేండ్ల బాలురును ఫిరంగులకు మందు మోసిరి. ఇంగ్లీషువారిలో సుమారు 450 మందియు, ఎదుటి పక్షమున వేలకొలది జనులును చనిపోయిరి. స్తంభముమీద నిలిచినది ఒక్కడు. దాని క్రింది పలకలో, నెల్సను పడిపోయిన దృశ్యమున, తుపాకి పట్టిన ఒక నల్లజాతి నావికుడు కనబడుచున్నాడు. అతని పేరు అక్కడ లేదు. పేరులేనివారందరి పక్షముగా అతడు అక్కడ నిలిచియున్నట్లు మాకు తోచెను. మనుష్యులు వ్రాయని పేళ్లను వ్రాసికొను గ్రంథము దేవునియొద్ద నున్నదని మనము నమ్ముచున్నాము.

ఇక్కడ ఎవరైనను అడుగవచ్చును: “అయ్యా, ఆ నావికులు పోరాడకపోయినయెడల నెపోలియను ఇంగ్లండును పట్టుకొనడా? కాపలా కాయువాడు మేల్కొనియుండుటచేతనే గదా ఇంటివారు నిద్రపోవుచున్నారు? వారి పేరిట ఒక రాయి నిలిపిన తప్పేమి?” ఈ మాటలో న్యాయము కలదు. మన ప్రాణమును కాపాడినవారిని మరచుట కృతఘ్నత. కృతఘ్నత పాపము. అయితే చరిత్రను పూర్తిగా వినవలెను. ఇంగ్లండుమీదికి పోవుటకు కూర్చిన సైన్యమును నెపోలియను ఆ యుద్ధమునకు ముందే తూర్పునకు, ఆస్ట్రియామీదికి మరలించెను. ఆ గెలుపు ఇంగ్లండు సముద్రతీరమును భద్రపరచెను, నిజమే. అయినను యుద్ధము ఆగలేదు. 1815లో వాటర్లూ వరకు మరి పదియేండ్లు యూరపు రక్తము కారుచునే యుండెను. ఒక గెలుపు ఒక ద్వారమును మూయగలదు గాని సమాధానమును పుట్టింపజాలదు. కృతజ్ఞత చూపుట వేరు, గెలుపును దేవునిగా చేసికొనుట వేరు.

ఈ భేదమును తెలిసికొనుటకు బైబిలు మనకు నాలుగు రాళ్లను చూపుచున్నది. మొదటిది గిల్గాలు. అది దేవుడు నీళ్లను నిలిపిన సంగతిని చెప్పెను. యెహోషువ పేరును చెప్పలేదు. రెండవది ఎబెనెజరు. ఫిలిష్తీయులు ఓడిపోయిన తరువాత సమూయేలు దానిని నిలిపెను. అది యుద్ధములో గెలిచిన చోట నిలిపిన రాయియే. అయినను సహాయము ఎక్కడనుండి వచ్చెనో ఆ సంగతినే అది చెప్పెను. మూడవది కర్మెలు. అమాలేకీయులను ఓడించి సౌలు తనకొరకు తానే జయశిలను నిలుపుకొనెను. అదే అధ్యాయమున దేవుడు అతని రాజ్యమును తీసివేసిన సంగతిని చదువుచున్నాము. రాయి నిలిచిన దినముననే రాజ్యము కూలెను. నాలుగవది అబ్షాలోము స్తంభము. పేరు నిలుపుటకు కుమారుడు లేడని అతడు రాజులోయలో దానిని నిలుపుకొనెను. అతని దేహమైతే అడవిలో ఒక గోతిలో పడవేయబడి, దానిమీద పెద్ద రాళ్లకుప్ప వేయబడెను. తాను నిలుపుకొనిన రాయి ఒకటి, లోకము అతనిమీద వేసిన రాళ్లు మరియొకటి.

కావున ఏ స్తంభమునైనను చూచినప్పుడు మూడు ప్రశ్నలు అడుగవలెను. ఇది ఎవరిని స్తుతించుచున్నది? ఇది ఎవరిని మరచుచున్నది? ఇది పిల్లలను ఏమి చేయుమని పిలుచుచున్నది?

ఆ కూడలిలోనే మన దేశమునకు సంబంధించిన ఇద్దరు సేనాపతుల ప్రతిమలు కూడ ఉన్నవి. ఒకడు 1843లో సింధుదేశమును పట్టుకొనిన నేపియర్. రెండవవాడు 1857లో ఉత్తర హిందూస్థానమున పోరాడిన హావెలాక్. ఈయన బాప్తిస్టు సంఘస్థుడు, శ్రీరాంపూరు మిషనెరీయైన మార్ష్‌మన్‌గారి అల్లుడు, తన సిపాయిలను కూర్చి బైబిలు చదివించినవాడు. భారతీయ క్రైస్తవులమైన మనము ఆ ప్రతిమయెదుట నిలిచినప్పుడు మన మనస్సు ఊరకుండదు. అతని భక్తి కపటమని మేము చెప్పము. అయినను చేతిలో బైబిలున్నంతమాత్రమున రెండవ చేతిలోని కత్తి పరిశుద్ధము కాదు. ఒకే రాయి ఒక జనమునకు విజయమును, మరియొక జనమునకు సంకెలను జ్ఞాపకము చేయును. అందుచేతనే మన రాళ్లను మనమే చదువుకొనుట చాలదు. మనచేత ఓడిపోయినవాని కన్నులతోను చదువవలెను.

ఈ మాట ఇంగ్లీషువారికి మాత్రమే చెప్పుట సులభము. మన విశాఖపట్టణపు సముద్రతీరమునను ఒక నావికా స్మారకము కలదు. 1971 యుద్ధములో పాల్గొనిన మన తూర్పు నావికాదళమువారి జ్ఞాపకార్థము అది 1996లో నిలుపబడెను. దానియెదుట పూలు పెట్టుట మనకు తగును. అదే యుద్ధములో, 1971 డిసెంబరు మొదటి దినములలో, పాకిస్తాను జలాంతర్గామియైన ఘాజీ ఆ తీరమునకు చేరువలోనే మునిగిపోయెను. అందులోనివారందరును చనిపోయిరి. వారికిని తల్లులుండిరి. మనలను కాపాడినవారికొరకు దేవుని స్తుతించి, అదే సముద్రపు అడుగుననున్న వారి తల్లులకొరకు ఒక నిమిషము మౌనముగా నుండుట దేశద్రోహము కాదు. తనను తరిమిన సౌలు చచ్చినప్పుడు దావీదు బట్టలు చింపుకొని ఏడ్చి అతనికొరకు విలాపగీతము పాడెను. అందువలన దావీదు బలహీనుడు కాలేదు.

ఆ కూడలి ఈశాన్యపు మూలన సెయింట్ మార్టిన్ దేవాలయము కలదు. మార్టిన్ నాలుగవ శతాబ్దమునాటి రోమా సిపాయి. చలిలో వణకుచున్న బిచ్చగానికి తన పైబట్టను కత్తితో రెండుగా కోసి సగమిచ్చెనని అతని కథ చెప్పుచున్నది. కత్తికి ఇంతకంటె మంచి పని ఏమున్నది? 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చినప్పుడు ఆ గుడి పాదిరియైన డిక్ షెపర్డ్, ఫ్రాన్సునకు పోవుచు వచ్చుచునున్న సిపాయిలకొరకును ఇల్లులేనివారికొరకును గుడి తలుపులు తెరచియుంచెను.

ఆ గుడికి ఎదురుగా ఎడిత్ కావెల్ అను నర్సు ప్రతిమ నిలిచియున్నది. ఈమెయు నార్‌ఫోక్ జిల్లా పాదిరిగారి కుమార్తెయే. నెల్సను పుట్టిన జిల్లాయే, అటువంటి పాదిరి యిల్లే. ఆమె బ్రస్సెల్సు పట్టణమున ఇరుపక్షముల గాయస్థులకును పరిచర్య చేసెను. చిక్కుపడిన సిపాయిలు తప్పించుకొనుటకు సహాయము చేసినందున జర్మనులు 1915 అక్టోబరు 12వ తేదీన ఆమెను కాల్చి చంపిరి. ముందటి రాత్రి ప్రభువు సంస్కారము పుచ్చుకొని, తనను చూడవచ్చిన పాదిరితో, దేశభక్తి ఒక్కటియే చాలదనియు, ఎవరిమీదను తాను ద్వేషము గాని కక్ష గాని యుంచుకొనరాదనియు ఆమె చెప్పెను. అయితే ఏమి జరిగెను? ఆమె మరణమును చూపించియే సైన్యములోనికి యువకులను పిలిచిరి. 1920లో ప్రతిమను నిలిపినప్పుడు రాజుకొరకు, దేశముకొరకు అని చెక్కిరి గాని ఆమె స్వంత మాట దానిమీద లేదు. 1924లో మాత్రమే అది చేర్చబడెను. ప్రతిమను నిలుపుటకంటె ఆ మనిషి చెప్పిన మాటను నిలుపుట కష్టము. ప్రవక్తల సమాధులను కట్టించుచు వారి మాటను త్రోసివేసినవారిని గూర్చి ప్రభువు హెచ్చరించెను గదా!

ఆ కూడలి నాలుగు మూలలలో ఒక మూలనున్న పెద్ద పీఠము, రాజుగారి గుఱ్ఱపు ప్రతిమ చేయించుటకు డబ్బు చాలనందున, నూటయేబదేండ్లకుపైగా ఖాళీగా నుండెను. 1999లో మార్క్ వాలింజర్ అను శిల్పి దానిమీద క్రీస్తు ప్రతిమను కొన్ని మాసములవరకు నిలిపెను. ఎత్తైన స్తంభము లేదు, గుఱ్ఱము లేదు, ఖడ్గము లేదు. సామాన్య మనుష్యుని యెత్తే. చేతులు వెనుకకు కట్టబడి, తలమీద మన చేలకు కట్టు ముళ్లతీగవంటి తీగతో, బంగారుపూత పూసిన కిరీటము. పిలాతు జనులయెదుట నిలిపిన మనుష్యుడు. అంత పెద్ద పీఠపు అంచున ఆయన ఎంతో చిన్నవాడుగా కనబడెను. ఆ ప్రతిమను తీసివేసిరి. అయితే ముఖము కనబడని యెత్తున నిలిచినవానికంటె, మనవంటి యెత్తున మన యెదుట నిలిచినవాడు గొప్పవాడని మార్కు పదియవ అధ్యాయము చెప్పుచున్నది. అన్యజనుల అధికారులు ప్రభుత్వము చేయుదురు; మీలో అట్లుండరాదు అనునదే ఆ బోధ సారము.

సహోదరులారా, మన పల్లెలలో 170 అడుగుల స్తంభములు లేవు. అయినను గుడి గోడమీది పాలరాతి పలకయున్నది. దానిమీద ఎవరి పేరు ముందు రావలెనని సంఘములు చీలిన సంగతి మనమెరుగుదుము. రాయి మోసిన కూలివాని పేరు, పిడికెడు బియ్యము వేసిన విధవరాలి పేరు ఆ పలకమీద నుండదు. మీ పిల్లవాడు ఆ పలకను చూచి అడిగినప్పుడు, “ఇది మన తాత పేరు” అని మాత్రమే చెప్పక, దేవుడు ఈ ఊరికి ఏమి చేసెనో చెప్పుడి. పలకమీద లేనివారిని గూర్చియు చెప్పుడి. యుద్ధములో పోయినవాని యిల్లు మీ వీధిలో నున్నయెడల, ఆగస్టు పదునైదున జెండా క్రింద ఆయన పేరు పలుకుటతో ఊరకుండక, ఆయన భార్య ఇంటికి పోయి కూర్చుండుడి. ఆమె పొలము దున్నించుటకు సాయము చేయుడి. సజీవులకు చేయు ఉపకారమే చనిపోయినవారికి తగిన స్తంభము.

మన ప్రభువు తన జ్ఞాపకార్థము రాయి నిలుపుమని చెప్పలేదు. రొట్టె విరిచి, గిన్నె యిచ్చి, దీనిని చేయుచుండుడని చెప్పెను. ఆ బల్లయొద్ద గెలిచినవాడును ఓడినవాడును ప్రక్కప్రక్కన మోకాళ్లూనుదురు. ఆ జ్ఞాపకమును తుపాను కూల్చదు, శత్రువు పట్టుకొనడు, కరగించి ఫిరంగిగా పోయుటకు వీలుపడదు. వచ్చు ఆదివారమున ఆ బల్లకు సమీపించునప్పుడు, మనము ఓడించినవారిని, మనలను ఓడించినవారిని, మనతో మాటలాడక మానినవారిని మనస్సున పెట్టుకొని సమీపించుదము.

ప్రభువు మనకట్టి మనస్సు ననుగ్రహించును గాక. ఆమేన్.